నొప్పి దారి వేరు, నడక దారి వేరు

2000 అక్టోబరులో ముంబయిలోని బ్రీచ్ క్యాండీ ఆస్పత్రిలో అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ఎడమ మోకాలికి కీలు మార్పిడి జరిగింది. మరుసటి ఏడాది జూన్‌లో కుడి మోకాలికి. చేసింది న్యూయార్క్ నుంచి వచ్చిన సర్జన్ చిత్తరంజన్ రణావత్. రెండో ఆపరేషన్ అయిన అయిదు వారాలకే ఆగ్రాలో పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్‌తో శిఖరాగ్ర చర్చలు. ఆ రోజుల్లో టీవీ ముందు కూర్చున్నవాళ్ళు కశ్మీరు సంగతి ఎంత మాట్లాడుకున్నారో ఆయన నడక సంగతీ అంతే మాట్లాడుకున్నారు. "చిప్పలు మార్పించుకున్నాక కూడా ఇంత నెమ్మదా?" అన్నవాళ్ళున్నారు. "ఆ వయసులో నెల తిరిగేసరికి నడవడమే గొప్ప" అన్నవాళ్ళూ ఉన్నారు.

ఆయన మోకాలి వివరాలు ఆయన వైద్యులకే తెలియాలి. కానీ ఆ మాటల్లో ఒక తికమక ఉంది. అది ఇప్పటికీ మన ఇళ్ళలో, ఆస్పత్రి వరండాల్లో, చివరికి పరిశోధన పత్రాల్లోనూ కనిపిస్తుంది. నొప్పి పోయిందా అన్నది ఒక ప్రశ్న. కాలు పని చేస్తోందా అన్నది ఇంకో ప్రశ్న. మనం రెండింటినీ కలిపి "ఎలా ఉంది మోకాలు?" అని ఒక్కసారే అడుగుతాం. రోగి కూడా "పర్లేదు" అని ఒక్క జవాబే ఇస్తాడు. ఆ "పర్లేదు"లో దేనికి ఎంత వాటా ఉందో ఆయనకే తెలియదు.

మోకాలి నొప్పి గురించి మన దగ్గర ఒక సిద్ధాంతం స్థిరపడిపోయింది: గుజ్జు అరిగిపోయింది, ఎముకకు ఎముక రాసుకుంటోంది, అందుకే నొప్పి. ఎక్స్‌రే చూసిన డాక్టరు కూడా, బయట ఇంకో నలభై మంది కూర్చుని ఉండటంతో, ఆ మాటే చెప్పి పంపిస్తాడు. ఇది సగమే నిజం. మనం గుజ్జు అనేది మృదులాస్థిని. ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి పొర అది. దానికి నరాలు లేవు, రక్తనాళాలూ లేవు. నరం లేనిచోట నొప్పి పుట్టదు కాబట్టి, ఆ పొర ఒక్కటే అరుగుతున్నంత కాలం మనకు తెలియను కూడా తెలియదు. నొప్పి పుట్టేది దాని ఇరుగుపొరుగులో. పొర అడుగున ఉన్న ఎముకలో, కీలు లోపలి గోడకు ఉండే పల్చటి పొర వాచినప్పుడు, కీలును చుట్టి ఉన్న సంచి బిగుసుకున్నప్పుడు. బోస్టన్‌లో డేవిడ్ ఫెల్సన్ బృందం 2001లో ఎమ్మారై స్కాన్లు పరిశీలించి, ఎముక మజ్జలో కమిలినట్టు కనిపించే మచ్చలకూ నొప్పికీ గట్టి సంబంధం ఉందని చూపించింది. ఎక్స్‌రేలో ఆ మచ్చలు కనపడవు. అందువల్లే ఫిల్ములో మోకాలు పూర్తిగా పాడైనట్టున్న మనిషి కాలినడకన తిరుమల కొండ ఎక్కేస్తుంటాడు. ఫిల్ములో పెద్దగా ఏమీ లేని మనిషి మంచం దిగడానికి కన్నీళ్ళు పెట్టుకుంటుంది.

ఆపరేషన్‌లో జరిగేది చూద్దాం. తొడ ఎముక కింది కొస నుంచి, కాలి ఎముక పై కొస నుంచి కొద్ది మిల్లీమీటర్ల మందం కోసి తీస్తారు. తొడ ఎముకకు సాధారణంగా కోబాల్ట్-క్రోమియం లోహపు తొడుగు, కాలి ఎముక మీద లోహపు పళ్ళెం, ఆ రెంటి మధ్య గట్టి పాలిథిలీన్ దిమ్మ. వీటిని ఎముకకు అతికించేది అక్రిలిక్ జాతి సిమెంటు. మనం చిప్ప మార్పిడి అంటాం గాని చిప్ప మాత్రం రోగిదే. అవసరమైతే దాని అడుగుభాగం చెక్కి చిన్న ప్లాస్టిక్ బిళ్ళ అతికిస్తారు, అంతే. నొప్పి పుట్టిస్తున్న ఎముక కొసలు, వాటిలోని నరాల అంచులతో సహా, బయటికి వెళ్ళిపోతాయి. చాలామందికి పాత నొప్పి పోవడానికి కారణం ఇదే. తొడ కండరాలు, చర్మంలోని నరాలు, వెన్నుపాము, మెదడు, ఏళ్ళ తరబడి కుంటుతూ నేర్చుకున్న నడక మాత్రం ఏవీ మారవు. పాత ఇంట్లో పాతవాళ్ళే ఉన్నారు, గుమ్మం ఒక్కటే కొత్తది.

లోహం సంగతి దాదాపు తేలిపోయిన లెక్క. బెర్లిన్‌లో థెమిస్టాక్లిస్ గ్లూక్ 1890లోనే ఏనుగు దంతంతో మోకాలి కీలు చేసి అమర్చాడు. చీము పట్టి అవి నిలబడలేదు. ఇవాళ్టి మోకాలికి మూలపురుషుడైన 'టోటల్ కాండైలర్' నమూనా 1974లో న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో పుట్టింది. దాన్ని రూపొందించినవాళ్ళు జాన్ ఇన్సాల్, పీటర్ వాకర్, ఇండోర్‌లో వైద్యం చదివి అమెరికా వెళ్ళిన రణావత్. ఇంగ్లండులోని బ్రిస్టల్ పరిశోధకులు 2019లో లాన్సెట్ పత్రికలో వేసిన లెక్క ప్రకారం, పూర్తి మోకాలి మార్పిడుల్లో దాదాపు 82 శాతం 25 ఏళ్ళపాటు నిలుస్తున్నాయి. మన దేశంలో ధర కూడా ఒక దారికి వచ్చింది. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల సంస్థ మామూలు కోబాల్ట్-క్రోమియం మోకాలికి 54,720 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించింది. అంతకుముందు దానికి లక్షన్నర దాకా వసూలు చేసేవారు. ఇక తేలనిది మనిషి లెక్క.

ఆపరేషన్ అయిన మొదటి నెలలో ఒక విచిత్రం జరుగుతుంది. పాత నొప్పి, అంటే అడుగు వేసినప్పుడల్లా ఎముకలో పొడిచినట్టుండే నొప్పి, చాలామందిలో పోతుంది. దాని స్థానంలో కోత నొప్పి, వాపు, వేడి, రాత్రి నిద్ర పట్టనివ్వని సలుపు వస్తాయి. ఇవి రోజురోజుకూ తగ్గేవే. కానీ అదే నెలలో కాలి బలం ఆపరేషన్‌కు ముందున్న స్థాయి కంటే కూడా బాగా పడిపోతుంది. అమెరికాలోని డెలవేర్ విశ్వవిద్యాలయంలో ర్యాన్ మిజ్నర్, లిన్ స్నైడర్-మాక్లర్ బృందం 2005లో దీన్ని కొలిచింది. మోకాలిని చాపి నిలబెట్టే తొడ ముందరి కండరం, క్వాడ్రిసెప్స్, నెల తిరిగేసరికి తన బలంలో సగటున 62 శాతం కోల్పోయింది. ఆ కండరం పరిమాణం మాత్రం 10 శాతమే తగ్గింది.

ఈ రెండు అంకెల మధ్య తేడా దగ్గర కాస్త ఆగాలి. కండరం చిక్కిపోవడం వల్లే బలం పోయి ఉంటే 10 శాతం చిక్కిన కండరానికి దాదాపు అంతే బలం తగ్గాలి. అంతకు ఎన్నో రెట్లు తగ్గింది. అంటే కండరం ఉంది గాని దానికి ఆజ్ఞ సరిగ్గా అందడం లేదు. వాచిన కీలు నుంచి వచ్చే సంకేతాలు వెన్నుపాము దగ్గర క్వాడ్రిసెప్స్‌కు వెళ్ళే నరకణాలను అణచిపెడతాయి. రోగి ఎంత గట్టిగా అనుకున్నా కండరం పూర్తిగా బిగుసుకోదు. అది బద్ధకం కాదు, భయమూ కాదు. నొప్పి అసలు లేకపోయినా కీలులో వాపు ఒక్కటే ఉంటే చాలు, ఈ అణచివేత జరుగుతుంది. ఆరోగ్యవంతుల మోకాలిలోకి ఉప్పునీరు ఎక్కించి చేసిన ప్రయోగాల్లో కూడా కండరం ఇలాగే మూగబోయింది. అందుకే ఫిజియోథెరపిస్టు "తొడ బిగించండమ్మా, బిగించండి" అంటున్నప్పుడు పక్కనున్న కొడుకు "నువ్వు ప్రయత్నించడం లేదు" అని కసరడం అన్యాయం. ఆవిడ ప్రయత్నిస్తూనే ఉంది. తీగ తెగలేదు గాని కరెంటు సన్నగిల్లింది. కొలరాడోలో జెన్నిఫర్ స్టీవెన్స్-లాప్స్‌లీ ఈ తర్కంతోనే ఆపరేషన్ అయిన రెండు రోజుల నుంచే తొడ కండరానికి బయటినుంచి విద్యుత్ ప్రేరణ ఇప్పించి చూసింది. 2012లో ప్రచురించిన ఫలితాల్లో, ఆ ప్రేరణ అందుకున్నవాళ్ళ కండర బలం మామూలు వ్యాయామం మాత్రమే చేసినవాళ్ళ కంటే మెరుగ్గా ఉంది.

నొప్పిని చంపే ప్రయత్నం కాలి పనినే దెబ్బతీసిన సందర్భం కూడా ఉంది. కొన్నేళ్ళ క్రితం వరకు ఆపరేషన్ రోజున గజ్జ దగ్గర తొడ నరానికి మత్తుమందు ఎక్కించడం మామూలు. నొప్పి బ్రహ్మాండంగా తగ్గేది. కానీ క్వాడ్రిసెప్స్‌ను నడిపేది కూడా ఆ నరమే. నొప్పి లేదని ధైర్యంగా మంచం దిగిన రోగి మోకాలు మడతపడి కూలబడే ప్రమాదం ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల అదే మందును తొడ మధ్యభాగంలో, ఎక్కువగా స్పర్శను మోసే కొమ్మ వెళ్ళే కాలువలో ఎక్కిస్తున్నారు. నొప్పి ఇంచుమించు అంతే తగ్గుతుంది, కండరం మేలుకునే ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు వచ్చి పలకరించినప్పుడు చాలామంది చక్కెర, బీపీల సంగతే మాట్లాడతారు. ఈ సూది ఎక్కడ వేస్తారని కూడా అడగవచ్చు.

ఇంట్లోవాళ్ళ ప్రేమ గురించి ఒక మాట. ఆస్పత్రి నుంచి వచ్చిన తల్లికి మోకాలి కింద దిండు పెట్టని కూతురు మన ఇళ్ళలో అరుదు. అలా పెడితే నొప్పికి హాయిగానే ఉంటుంది, ఎందుకంటే వాచిన కీలుకు కొంచెం వంగి ఉండటమే సుఖం. కానీ వారాల తరబడి అలా వంచి ఉంచిన మోకాలు పూర్తిగా చాపుకోవడం మర్చిపోతుంది. పది పదిహేను డిగ్రీలు వంగిపోయి బిగుసుకున్న మోకాలితో నిలబడాలంటే తొడ కండరం ప్రతి క్షణం పని చేస్తూనే ఉండాలి, అసలే నీరసించి ఉన్న కండరం. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టాలి. అప్పుడు మోకాలు తన బరువుకే నెమ్మదిగా చాపుకుంటుంది. నొప్పిగానే ఉంటుంది, తిట్లు కూడా పడతాయి. కాలిని యంత్రంలో పెట్టి గంటల తరబడి దానంతట అదే వంచి చాపే పద్ధతి మీద కూడా మనవాళ్ళకు చాలా నమ్మకం ఉంది. కాక్రేన్ సంస్థ 2014లో ఆ పద్ధతి మీద జరిగిన పరీక్షలన్నిటినీ గుదిగుచ్చి చూస్తే, వంపులో దొరికిన లాభం సగటున రెండు డిగ్రీలు. మంచం పక్క అద్దె యంత్రం కంటే రోజూ వచ్చి తిట్టించుకునే ఫిజియోథెరపిస్టు మీద డబ్బు పెట్టడం మేలని నా అభిప్రాయం.

ఇక కొలత సంగతి. ఆపరేషన్ ఫలించిందని ఎలా చెబుతున్నారు? ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది ప్రశ్నపత్రాలు. వాటిలో పేరెన్నికగన్నది కెనడాలోని ఒంటారియోలో 1980లలో నికొలస్ బెలామీ బృందం తయారుచేసిన వోమాక్. మొత్తం 24 ప్రశ్నలు: నొప్పి మీద 5, బిగుసుకుపోవడం మీద 2, పనుల మీద 17. తర్వాత 1998లో ఆక్స్‌ఫర్డ్ నుంచి 12 ప్రశ్నల పత్రం వచ్చింది. మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్ళకు దాన్ని పంపించి జవాబులు రాబట్టడం 2009 నుంచి ఇంగ్లండు ప్రభుత్వ వైద్యవ్యవస్థలో నియమమైంది. మంచి పని. రోగి బాగుపడ్డాడా లేదా అని సర్జన్‌ను కాక రోగినే అడగాలన్న ఆలోచన వైద్యానికి ఆలస్యంగా తట్టింది.

కానీ ఈ పత్రాల్లో ఒక చిక్కు దాగి ఉందని కెనడాకే చెందిన ఫిజియోథెరపిస్టులు పాల్ స్ట్రాట్‌ఫర్డ్, డెబొరా కెన్నెడీ 2006లో ఎత్తిచూపారు. చిక్కు అర్థం కావడానికి ఒకావిడను ఊహించుకుందాం. ఆపరేషన్‌కు ముందు ఆవిడ ఇంటి మెట్లు పన్నెండూ పళ్ళు బిగబట్టి ఇరవై సెకన్లలో ఎక్కేది. ఆపరేషన్ అయిన రెండు నెలలకు నలభై సెకన్లు పడుతోంది, రెండు చేతులా పిట్టగోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించుకుంటూ. కానీ పాత పోటు లేదు. "మెట్లు ఎక్కడం ఎంత కష్టంగా ఉంది?" అని పత్రం అడుగుతుంది. "ముందుకంటే నయం" అని ఆవిడ రాస్తుంది. అబద్ధం చెప్పలేదు. ఆవిడ మనసులో కష్టం అంటే నొప్పే. పత్రం పనిని అడిగింది, ఆవిడ నొప్పిని చెప్పింది. గడియారం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడినవాళ్ళకు పని తగ్గినట్టు, పత్రం చదివినవాళ్ళకు పని పెరిగినట్టు కనిపిస్తుంది. స్ట్రాట్‌ఫర్డ్, కెన్నెడీ చెప్పింది ఇదే: ఆపరేషన్ తర్వాత తొలి వారాల్లో రోగులు రాసే పని మార్కులు చాలావరకు నొప్పి మార్కుల వెంటే నడుస్తాయి. నిజంగా చేయించి చూసే పరీక్షలు వేరే కథ చెబుతాయి. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచారు, కుర్చీలోంచి లేచి కొద్ది దూరం వెళ్ళి తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు, మెట్లకు ఎంతసేపు, ఇవీ ఆ పరీక్షలు. పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. చేతి గడియారం, కుర్చీ, వరండా చాలు.

చేయించి చూసిన లెక్కలు కలిపితే కోలుకునే దారి ఇలా ఉంటుంది. మొదటి 12 వారాల్లో మెరుగు వేగంగా, ఆ తర్వాత ఆరు నెలల వరకు నెమ్మదిగా, ఆపైన చాలా కొద్దిగా. ఏడాది తిరిగేసరికి చాలామంది ఆపరేషన్‌కు ముందున్న తమ స్థితిని దాటేస్తారు. కానీ మోకాళ్ళు బాగున్న సమవయస్కులను మాత్రం అందుకోరు, ముఖ్యంగా మెట్ల దగ్గర. హ్యూస్టన్‌లో ఫిలిప్ నోబుల్ బృందం 2005లో మోకాలు మార్పించుకున్నవాళ్ళనూ, అదే వయసులో మోకాలి జబ్బు లేనివాళ్ళనూ ఒకే ప్రశ్నలు అడిగింది. మోకాలికి సంబంధించిన పనుల్లో ఏదో ఒక ఇబ్బంది ఉందన్నవాళ్ళు మొదటి గుంపులో 52 శాతం, రెండో గుంపులో 22 శాతం. ఆ 22ను కూడా గుర్తుపెట్టుకోవాలి. డెబ్బై ఏళ్ళ మనిషి ఇబ్బందంతా కొత్త మోకాలి మీదికి నెట్టడం కుదరదని ఆ అంకె చెబుతోంది.

ఇంకో లెక్క మరీ ఆశ్చర్యం కలిగిస్తుంది. మోకాలు బాగుపడిన మనిషి ఇదివరకటి కంటే ఎక్కువ తిరుగుతాడనే ఎవరైనా అనుకుంటారు. అడుగులు లెక్కపెట్టే పరికరాలు కట్టి చూసిన అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు ఆరు నెలలకు కదలికలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనబడలేదు, ఏడాదికి కొద్దిగా కనిపించింది. పదేళ్ళుగా నొప్పికి భయపడి తగ్గించుకున్న తిరుగుడు ఒక అలవాటుగా గట్టిపడిపోతుంది. కూరగాయలకు వెళ్ళే పని కోడలి చేతికి పోయింది, బ్యాంకు పని ఫోనులోకి పోయింది. నొప్పి పోయినంత మాత్రాన ఆ పనులు తిరిగి రావు.

ఇప్పటిదాకా చెప్పుకున్నది నొప్పి పోయి పని వెనకబడ్డవాళ్ళ గురించి. నొప్పే పోనివాళ్ళ సంగతి? బ్రిస్టల్‌లో ఆండ్రూ బెస్విక్ బృందం 2012లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నీ సేకరించి, నాణ్యమైనవాటిని ఏరి చూసింది. తుంటి కీలు మార్పించుకున్నవాళ్ళలో నూటికి సుమారు 9 మందికి, మోకాలు మార్పించుకున్నవాళ్ళలో నూటికి సుమారు 20 మందికి దీర్ఘకాలంలో ఇబ్బంది పెట్టే నొప్పి మిగిలింది. అయిదుగురిలో ఒకరు. ఒంటారియోలోనే రాబర్ట్ బోర్న్ బృందం 2010లో 1,703 మందిని అడిగినప్పుడు కూడా అయిదుగురిలో ఒకరు అసంతృప్తిగానే ఉన్నారు. ఆ అసంతృప్తితో అన్నిటికంటే ఎక్కువగా ముడిపడిన అంశం వయసో బరువో కాదు, ఆశించింది దక్కకపోవడం.

నొప్పి మిగిలినప్పుడు ముందు వెతకాల్సినవి మామూలు కారణాలే. నూటికి ఒకరిద్దరిలో వచ్చే ఇన్ఫెక్షన్, సిమెంటు పట్టు వదలడం, అమరికలో తేడా. తుంటి కీలులోనో నడుములోనో ఉన్న జబ్బు మోకాలి దగ్గర నొప్పిగా తెలియడం కూడా ఉంది. కోత పక్కన బయటివైపు ఒక అరచెయ్యంత మేర మొద్దుబారడం చాలామందిలో ఉండేదే. కోతలో తెగక తప్పని చిన్న నరపు కొమ్మ వల్ల అది వస్తుంది, ప్రమాదం కాదు. ఈ కారణాలేవీ లేకపోయినా నొప్పి ఉన్నవాళ్ళు మిగులుతారు. ఎక్స్‌రే అద్దంలా ఉంటుంది. "మీ మోకాలు బ్రహ్మాండంగా ఉందండీ" అని సర్జన్ అంటాడు. రోగికి ఆ మాట అవమానంలా తగులుతుంది.

ఇక్కడ వెన్నుపాము మళ్ళీ కథలోకి వస్తుంది. క్లిఫర్డ్ వూల్ఫ్ 1983లో నేచర్ పత్రికలో ఒక సంగతి చూపించాడు. గాయం నుంచి నొప్పి సంకేతాలు ఎడతెగకుండా వస్తుంటే వెన్నుపాములోని నరకణాలు క్రమంగా సున్నితమైపోతాయి, మామూలు తాకిడిని కూడా నొప్పిగా పైకి పంపిస్తాయి. ఏళ్ళ తరబడి మోకాలి నొప్పి భరించినవాళ్ళలో కొందరికి ఇదే జరుగుతుంది. డెన్మార్క్‌లోని ఆల్బర్గ్‌లో లార్స్ ఆరెంట్-నీల్సన్ బృందం ఒక పరీక్ష చేసింది. ఒకే రకం చిన్న పోటును వెంటవెంటనే పదే పదే ఇచ్చినప్పుడు కొందరికి ప్రతి పోటూ మునుపటి దానికంటే ఎక్కువ నొప్పిగా తోస్తుంది. ఆపరేషన్‌కు ముందు ఆ లక్షణం బలంగా ఉన్నవాళ్ళలో తర్వాత నొప్పి మిగలడం ఎక్కువగా కనిపించింది. ఇలాంటివాళ్ళకు నొప్పి కీలులో మొదలైనా దాని వేళ్ళు కీలు దాటి పాకిపోయాయి. సర్జన్ రంపం అంతదూరం వెళ్ళదు.

నొప్పి గురించి భయంకరంగా ఊహించుకునే స్వభావం, దిగులు, నిద్రలేమి ఉన్నవాళ్ళలో కూడా ఫలితం తగ్గుతుందని చాలా అధ్యయనాలు చెప్పాయి. అయితే ముందుగానే వాళ్ళ మనసుకు శిక్షణ ఇస్తే సరిపోతుంది కదా? డేనియల్ రిడిల్ బృందం అమెరికాలో అలాంటి 402 మందిని తీసుకుని నొప్పిని ఎదుర్కొనే నేర్పు మీద శిక్షణ ఇప్పించి చూసింది. 2019లో ఫలితాలు వచ్చాయి. శిక్షణ పొందినవాళ్ళు, కీళ్ళవాతం గురించి పాఠాలు మాత్రమే విన్నవాళ్ళు, ఏమీ పొందనివాళ్ళు, మూడు గుంపుల్లోనూ నొప్పి తగ్గింది, దాదాపు ఒకే మేరకు. "అంతా మీ మనసులోనే ఉంది" అని తేల్చేసే బంధువులకూ డాక్టర్లకూ ఈ పత్రం చూపించాలి.

అసలు ఆపరేషన్ ఎంత మేలు చేస్తుందో తూచి చూసిన ప్రయోగాలు చాలా తక్కువ. సోరెన్ స్కౌ బృందం డెన్మార్క్‌లో చేసినది వాటిలో ముఖ్యమైనది, 2015లో వచ్చింది. ఆపరేషన్‌కు అర్హులైన 100 మందిని చీటీ వేసినట్టు రెండుగా విడదీశారు. సగం మందికి ఆపరేషన్ చేసి తర్వాత 12 వారాల వ్యాయామం, బరువు తగ్గే సలహాలు, మందులు. మిగతా సగానికి ఆపరేషన్ లేకుండా అవే. ఏడాదికి నూరు మార్కుల కొలతలో మొదటి గుంపు 32.5 మార్కులు మెరుగుపడింది, రెండో గుంపు 16. ఆపరేషన్ రెట్టింపు మేలు చేసింది. తీవ్రమైన దుష్ఫలితాలు మాత్రం మొదటి గుంపులో 24, రెండో గుంపులో 6. రెండో గుంపులోని 50 మందిలో 13 మంది ఏడాదిలోపే ఆపరేషన్ వైపు వచ్చారు. మిగతా 37 మంది రాలేదు. ఆపరేషన్ గొప్పదని చెప్పేవాళ్ళూ, వద్దని చెప్పేవాళ్ళూ ఇదే ప్రయోగాన్ని చూపిస్తారు. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఆ 37 మందే. సర్జన్ "చేయొచ్చు" అన్న మోకాళ్ళు అవి, వ్యాయామంతో కనీసం ఏడాది వాయిదా పడ్డాయి.

మరి ఎప్పుడు చేయించుకోవాలి? ఎక్స్‌రేలో అరుగుదల కొద్దిగానే ఉన్నప్పుడు చేయించుకున్నవాళ్ళకు దక్కే లాభం తక్కువ, అసంతృప్తి ఎక్కువ. సరే అని మంచాన పడేదాకా ఆగితే, అప్పటికి నీరసించిన కండరం, బిగుసుకుపోయిన కీలు కొత్త మోకాలికి వారసత్వంగా వస్తాయి. ఆపరేషన్ తర్వాత మోకాలు ఎంత వంగుతుందో అన్నిటికంటే బాగా చెప్పగలిగేది ఆపరేషన్‌కు ముందు ఎంత వంగేదన్న సంగతే. ఏడాది తర్వాత మెట్లు ఎలా ఎక్కుతారో ముందే సూచించేది ఆపరేషన్‌కు ముందున్న తొడ బలమే. మన దగ్గర ఆడవాళ్ళు ఆగే కాలం మరీ ఎక్కువ. కూతురి పెళ్ళి, కోడలి పురుడు, మనవడి పదో తరగతి అన్నీ అయ్యాక గాని వాళ్ళ మోకాలి వంతు రాదు. ఆ ఆగిన కాలంలో తొడ కండరానికి పని చెప్పినవాళ్ళూ తక్కువే, నొప్పి అని కూర్చున్నవాళ్ళే ఎక్కువ.

వోమాక్ పత్రంలో లేని ప్రశ్న ఒకటుంది. మేజోళ్ళు తొడుక్కోవడం, స్నానపు తొట్టెలోకి దిగడం, కారెక్కడం, అన్నీ అడుగుతుంది గాని, మఠం వేసుకుని కూర్చోవడం గురించి అడగదు. సమతలం మీద నడవడానికి మోకాలు 70 డిగ్రీల లోపు వంగితే చాలు. మెట్లకు 80 నుంచి 100, కుర్చీలోంచి లేవడానికి 90 పైన. మార్పిడి చేసిన మోకాలు సాధారణంగా 110 నుంచి 120 దాకా వంగుతుంది కాబట్టి కుర్చీ మీద బతికే దేశాలకు అది పూర్తి విజయం. గొంతుక్కూర్చోవడానికి 130 దాటి వంగాలి. నేల మీద సత్యనారాయణ వ్రతానికి కూర్చోవడం, నమాజులో మోకాళ్ళ మీద కూర్చోవడం, పాత మరుగుదొడ్డి, పీట మీద కూరగాయలు తరగడం, పొలంలో గొంతుక్కూర్చుని చేసే పని ఆ కొలతకు అవతలే ఉన్నాయి. ఎక్కువ వంగుతుందని చెప్పి అమ్మిన 'హై-ఫ్లెక్స్' నమూనాలను మామూలువాటితో పోల్చి చూస్తే వంపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వంగగలిగినవాళ్ళను కూడా చాలామంది సర్జన్లు నేల మీద కూర్చోవద్దనే చెబుతారు, పాలిథిలీన్ దిమ్మ అంచు మీద ఒత్తిడి పడుతుందని. కాబట్టి పట్నంలో ఉద్యోగం చేసి విరమించిన మనిషికీ, కూలికి వెళ్ళే మనిషికీ ఒకే ఆపరేషన్, ఒకే 115 డిగ్రీలు, ఒకే వోమాక్ మార్కులు వచ్చినా, ఒకరి జీవితం తిరిగి వచ్చినట్టు, రెండోవారి ఉపాధి పోయినట్టు కావచ్చు. ఆపరేషన్‌కు ముందు ఈ మాట చెప్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది.

హైదరాబాదులో ఏ పెద్ద రోడ్డు మీద చూసినా ఇప్పుడు రోబో మోకాలి ప్రకటనలు. రోబోతో కోత కోణాలు కచ్చితంగా వస్తాయన్నది నిజం. దక్షిణ కొరియాలో యంగ్-హూ కిమ్ బృందం 1,400 మందికి పైగా రోగులను రోబో, మామూలు పద్ధతుల మధ్య విడదీసి, సగటున 13 ఏళ్ళు వెన్నాడి 2020లో ఫలితాలు ప్రకటించింది. నొప్పిలో గాని పనిలో గాని మోకాలి మన్నికలో గాని తేడా లేదు. రోబోలు ఆ తర్వాత మారాయి, ఇంకా మారతాయి. కానీ ఇంతవరకు చెప్పుకున్న చిక్కులు, మూగబోయిన కండరం, సున్నితమైన వెన్నుపాము, పత్రం మీద నొప్పినే పనిగా రాసే రోగి, ఏవీ కోత కోణంలో లేవు.

కోత తర్వాత ఏం చేయాలన్న దాని మీద చేసిన మంచి ప్రయత్నం మళ్ళీ బ్రిస్టల్ నుంచే వచ్చింది. విక్కీ వైల్డ్ బృందం ఆపరేషన్ అయిన మూడు నెలలకు కూడా గట్టి నొప్పి ఉన్న 363 మందిని ఎంచుకుంది. మూడు నెలలే ఎందుకంటే, ఆ గడువు దాటిన నొప్పినే ఇప్పుడు శస్త్రచికిత్సానంతర దీర్ఘకాలిక నొప్పిగా లెక్కిస్తున్నారు. వాళ్ళలో కొందరికి మామూలు వైద్యమే, మిగతావాళ్ళకు ఒక ప్రత్యేక పద్ధతి. ఈ పద్ధతిలో శిక్షణ పొందిన వైద్య సిబ్బంది ఒకరు రోగితో గంటసేపు కూర్చుని నొప్పి ఎలాంటిదో వింటారు, పరీక్షిస్తారు. ఇన్ఫెక్షన్ అనుమానముంటే సర్జన్ దగ్గరికి, నరాల నొప్పి అయితే ఆ మందులకు, కండరమైతే ఫిజియోథెరపీకి, దిగులైతే ఆ వైద్యానికి పంపిస్తారు. తర్వాత ఏడాది పాటు ఫోను చేసి కనుక్కుంటారు. 2022లో వచ్చిన ఫలితాల్లో, మామూలు వైద్యం పొందినవాళ్ళ కంటే వీళ్ళకు నొప్పి తీవ్రతా, అది రోజువారీ పనులకు అడ్డురావడమూ కొంత తగ్గాయి. తగ్గుదల పెద్దదేమీ కాదు. అందులో కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఆ ప్రయోగంలో నొప్పిని, నొప్పి వల్ల ఆగిపోయిన పనులను రెండు వేర్వేరు అంకెలుగా రాసుకున్నారు.